కూతురి చెవిలో అత్తమ్మ పేరు

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. మా ఊళ్ళో ఆడవాళ్ళెవరు పోయినా స్నానం చేయించి, పసుపు రాసి, కాలి బొటనవేళ్ళు కలిపి కట్టేది నేనే. ఇన్నేళ్ళలో ఏ శవమూ కళ్ళు తెరవలేదు. చదివింది నాలుగో తరగతే అయినా, చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు.

మాది అశ్వారావుపేట దగ్గర పల్లె. మా ఒక్కగానొక్క కూతురు హైదరాబాదులో, యూనివర్సిటీలో నాటకాల కోర్సు చదువుతోంది. పేరు రాజ్యలక్ష్మి. అది మా అత్తమ్మ పేరు. ఆమె పోయిన మరుసటి ఏడు పుట్టిందని పెట్టుకున్నాం. కోడలు అత్త పేరు నోట అనకూడదు కదా, అందుకని నేను మాత్రం మొదటినుంచీ చిట్టి అనే పిలుస్తాను.

పోయిన వేసవిలో పరీక్ష నాటకం సాధన చేయడానికి ఇంటికొచ్చింది. అందులో దింపుడు కళ్ళం ఉంది. పాడెను మోసుకెళ్తూ దారిలో దింపి, లేస్తారేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారే, అది. మూడో పిలుపుకి శవం లేవాలి. శవం వేషం దానిది. పిలిచే తల్లి వేషం ఆ రోజుకి నాది.

మధ్యాహ్నం. మా ఆయన పామాయిల్ గెలలు కోయించడానికి తోటకి వెళ్ళాడు. నేను పప్పు కుక్కర్ పొయ్యిమీద పెట్టి వసారాలో చాప వేశాను. చిట్టి దక్షిణానికి తల పెట్టి పడుకుంది. వేళ్ళకు దారం కూడా కట్టమంది. నాకు నవ్వాగలేదు.

"అమ్మా, నువ్వు గట్ల నవ్వుకుంట ఉంటే నేనెట్ల చావాలె?"

"సచ్చేదానివి ఇంత మాట్లాడతవేందే? మూస్కో కండ్లు."

"చిట్టీ అంటే లేవను. మా సారు సొంత పేరుతోనే చెయ్యమన్నడు."

నాటకమే కదా అనుకున్నాను. వంగి, చెవి దగ్గర మూడుసార్లు పిలిచాను. పెళ్ళైన నాటి నుంచి నా నోట రాని పేరు.

లేవలేదు. బాగా చేస్తోందనుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తగల్లేదు. బయట ఎండ మండుతుంటే చేయి చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు బాగా తెలుసు. దారం పళ్ళతో కొరికి తెంపాను. చెంపల మీద కొట్టాను. "చిట్టీ, చిట్టీ" అని అరుస్తూనే ఉన్నాను. కుక్కర్ ఎన్నిసార్లు కూసిందో! నీళ్ళింకి, పప్పు మాడిన వాసన వసారాలోకి వచ్చింది. అప్పుడు ఒక్కసారిగా ఊపిరి లాగి లేచి కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"నువ్వు పిలిచింది ఇనపడ్డదమ్మా. లేవబోతే, పక్కన పండుకున్న ముసలామె నా మోకాలు పట్టుకున్నది. 'నిన్ను కాదే పిల్లా, మా వేంసూరుది నన్ను పిలుస్తున్నది, ఇన్నేండ్లకు' అన్నది. ఎవరమ్మా ఆమె?"

నా పుట్టిల్లు వేంసూరు. నన్ను 'వేంసూరుదానా' అని పిలిచింది మా అత్తమ్మ ఒక్కతే. ఆమెతోనే ఆ పిలుపూ పోయింది. పిల్లకు నేనెన్నడూ చెప్పలేదు.

దవాఖానాలో అన్నీ చూసి ఏమీ లేదన్నారు. మా ఆయన ఎండదెబ్బ అంటాడు. కావచ్చు. పిల్ల ఆ నాటకం వదిలేసి, వేరేది ఆడి పాసైంది. కానీ ఆ చాప ఎత్తడానికి నాకు మూడు రోజులు చేతులు రాలేదు. నేను పిలిస్తే ఒకరు లేచారు. పక్కనున్న ఆమె కూడా లేచిందో, నేను మళ్ళీ పిలుస్తానని ఇంకా పడుకునే ఉందో, నాకు నేటికీ తెలియదు.