మూడో మెట్టు ఈతగాడు

ఆ రోజుల్లో నేను అబద్ధాలు పెద్దగా ఆడేవాణ్ణి కాదు. ఆడిన ఒక్కటీ పెళ్లిచూపుల్లో ఆడాను. మాది భవానీపురం, గుమ్మం దాటి నాలుగు సందులు తిరిగితే కృష్ణ. కూచిపూడి దగ్గర కాలువ గట్టు పల్లెలో పిల్లను చూడ్డానికి వెళితే, పిల్ల మేనమామ పకోడీల పళ్లెం నా ముందుకు జరుపుతూ, "నది ఒడ్డున పెరిగారు, ఈత బాగా వచ్చుండాలే బాబూ?" అన్నాడు. తలుపు పక్కన పిల్ల వింటోంది. "ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేవాణ్ణండీ" అనేశాను. నిజానికి నాకు తెలిసిన కృష్ణ లోతు మూడు మెట్లు. చిన్నప్పుడు మా నాయనమ్మ ఘాట్‌కి తీసుకెళ్లి, నా మొలతాడు పిడికిట్లో బిగించి, మూడో మెట్టు మీద నిలబెట్టి, ముక్కు పట్టుకోమని, కళ్లు మూసుకోమని మూడు మునకలు వేయించేది. నాలుగో మెట్టు మీద మొసలి పడుకుని ఉంటుందని చెప్పింది. (ఇబ్రహీంపట్నంలో ఇంజనీరు ఉద్యోగం వచ్చాక కూడా ఆ మొసలి మీద నాకు అనుమానం రాలేదు.)

పెళ్లయిన మూడో నెలలో అండమాన్ వెళ్దామంది మా ఆవిడ. ఫోన్లో పడవ టూర్లు చూసి చూసి చివరికి రెండు మిగిల్చింది. ఒకటి పెద్ద పడవ: నలభై మంది, పాటలు, భోజనం, అడుగున అద్దం, కూర్చున్న చోటినుంచే చేపల్ని చూడొచ్చు. రెండోది చిన్నది: ఆరుగురికి మించి ఎక్కించరు, పగడాల దిబ్బ దగ్గర ఆపి, కళ్లకు మాస్కు తగిలించి, నోట్లో గొట్టం పెట్టి అందర్నీ నీళ్లలోకి దించుతారు. నేను పెద్ద పడవ పక్షాన ప్రాణం పెట్టి వాదించాను. నలభై మందిలో ఒకడు నీళ్లలోకి దిగకపోతే ఎవడు పట్టించుకుంటాడు? ఆఫీసులో కూర్చుని ఆ చిన్న పడవ గురించి జనం రాసినవన్నీ వెతికి, "చాలా బాగుంది కానీ ఎండ ఎక్కువ" అని ఎవరో రాసింది దొరికితే, ఇంటికొచ్చి పెద్ద ప్రమాదం తప్పినట్టు చదివి వినిపించాను. "ఎండ పడవని బట్టి ఉంటుందాండీ?" అంది మా ఆవిడ. "కృష్ణ ఈదిన మనిషిని పక్కన పెట్టుకుని అద్దంలోంచి చూడ్డమేంటి, నలుగురూ నవ్వుతారు" అని చిన్న పడవే ఖాయం చేసింది. ఏం చెప్పను? ఆవిడ దృష్టిలో నాకున్న గొప్ప ఆ ఈత ఒక్కటేనని నా గట్టి నమ్మకం. అదీ పోతే నాలో మిగిలేది సన్నటి మీసమూ, షిఫ్టు డ్యూటీలూను. అందుకే బయల్దేరేదాకా రోజూ స్నానాల గదిలో బకెట్లో మొహం ముంచి ఊపిరి బిగబట్టడం సాధన చేశాను. "ఏవండీ, లోపల ఏం జరుగుతోంది?" అని ఆవిడ తలుపు కొట్టేది. తల తుడుచుకుంటున్నానని చెప్పేవాణ్ణి.

పడవాయన మన తెలుగాయనే. బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి అక్కడే స్థిరపడ్డాడట. దిబ్బ దగ్గర పడవ ఆపగానే మిగతా నలుగురూ దిగిపోయారు. కాలువలో ఈత నేర్చిన మా ఆవిడ చేపపిల్లలా జారిపోయి, నీళ్లలోంచి నాకేసి చూస్తోంది. నేను పడవ నిచ్చెన దిగుతూ మూడో మెట్టు మీద ఆగిపోయాను. కాళ్లు అంతకంటే దిగితే ఒట్టు. ఇక అలవాటైన పనే చేశాను. ముక్కు మాస్కు లోపల ఉందన్న సంగతి మరిచి దాని మీంచే గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, నాయనమ్మ నేర్పిన నదుల పేర్లు తల్చుకుని, మూడు మునకలు వేసి, గొట్టంలోంచి వచ్చిన ఉప్పునీళ్లు దగ్గుకుంటూ పైకెక్కేశాను. "అయిపోయిందండీ" అన్నాను పడవాయనతో. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "ఇంత దూరం వచ్చి పుష్కర స్నానం చేసి లేచినాయన్ని తమర్నే చూశానండీ" అన్నాడు. ఎటూ దాక్కోలేక, నాకు ఈత రాదని ఆయన చెవిలో చెప్పాను. మా ఆవిడకు తెలియకూడదని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఒక ట్యూబు నీళ్లలో వేసి, తనూ దిగి, చెయ్యి చాపాడు. "భయమెందుకండీ, ఇవీ తమరి నీళ్లే. కృష్ణమ్మ మా ఊరి పక్కనే సముద్రంలో కలుస్తది. ఇక్కడిదాకా రాకుండా ఉంటదా?"

ఆ మాట పట్టుకుని నాలుగో మెట్టు దిగాను. మొసలి లేదు. అసలు మెట్టే లేదు. ట్యూబు మీద బోర్లా పడుకుని మొహం నీళ్లలో పెట్టాను. "కళ్లు తెరవండి" అని ఆయన గొంతు ఎక్కడినుంచో వినబడింది. తెరిచాను.

ఎలా చెప్పాలో ఈనాటికీ తెలియదు. నీళ్లకు లోపల ఒక వైపు ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. పసుపూ కుంకుమా ఆరబోసినట్టు పగడాలు, వాటి మధ్య ఆకుపచ్చ చిలక చేపలు ముక్కులతో రాళ్లను కొరుకుతుంటే ఆ చప్పుడు చెవికి తెలుస్తోంది. కింద ఒక తాబేలు గడ్డి మేయడం ఆపి, నన్ను చూసి, ఏమంత విశేషం కాదనుకుని, నెమ్మదిగా నా పక్కనుంచే పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్లీ దిగిపోయింది. దాని కన్ను మా నాయనమ్మ కన్నులా తడిగా, ముడతల మధ్య ఉంది. నాకు ఏడుపొచ్చింది. (మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి వీలుండదు, ఎవరైనా ప్రయత్నించేముందు తెలుసుకోవాలి.) పుట్టినప్పటినుంచీ నది ఒడ్డునే ఉండి, నీళ్లలో కళ్లు మూసుకునే బతికానే అనిపించింది.

పడవెక్కాక తల దించుకుని మా ఆవిడతో నిజం చెప్పేశాను. ఆవిడ తువ్వాలు నా భుజాన వేస్తూ, "నాకు పెళ్లిలోనే తెలుసండీ" అంది. "తలంబ్రాలప్పుడు మీ నాయనమ్మగారు చెవిలో చెప్పారు. వీడికి నీళ్లంటే భయం, చెయ్యి వదలకమ్మా అని. పెద్ద పడవలో నలభై మందిలో మీ చెయ్యి ఎవరు పట్టుకుంటారు? అందుకే ఆరుగురిది చూశాను." ఎండ ఎక్కువగా ఉందని మొహం అటు తిప్పుకున్నాను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నా మీసం నెరిసింది. ఇప్పటికీ ఆదివారాలు ఇద్దరం ఘాట్‌కి వెళ్తాం. నేను నాలుగో మెట్టు దిగి, మునిగి, కళ్లు తెరుస్తాను. కృష్ణ నీళ్లలో బురద తప్ప ఏమీ కనబడదు. పైకి లేవగానే నా చెయ్యి పట్టుకున్న మా ఆవిడ, "ఏమైనా కనబడిందా?" అని అడుగుతుంది. తాబేలు కనబడిందని చెప్తాను. ఆవిడ నమ్మినట్టే తలూపుతుంది.