రమణక్క పోయిన మర్నాడు సెలవివ్వలేదు

నిన్న మధ్యాహ్నం అక్క నంబరు నుంచి ఫోన్ మోగితే ఎత్తగానే కసిరాను. అక్కా, ఇంకా రాలేదేం, టెన్త్ పిల్లలు ఖాళీగా కూర్చున్నారు అని.

అవతల ఉన్నది అక్క కాదు, ఆమె తమ్ముడు.

అతనే చెప్పాడు. భోంచేసి స్కూలుకి బయల్దేరబోతూ గుమ్మంలోనే పడిపోయిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

నేను మళ్ళీ అదే అడిగాను. మరి టెన్త్ పిల్లలో, అని.

ఆ మనిషి ఏమనుకున్నాడో ఏమో.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. రమణమ్మ టీచర్, అంటే అందరికీ రమణక్క, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో మా తెలుగు స్కూల్లో తెలుగు చెప్పేది. నేను అక్కడే లెక్కల టీచర్ని. హెడ్మాస్టర్ పోస్ట్ ఖాళీ కాబట్టి ప్రస్తుతం టీచర్ ఇన్‌ఛార్జ్ కూడా నేనే.

అక్క రిటైరైంది. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. అందుకని రిటైరైన మర్నాడు కూడా గొడుగు వేసుకుని మామూలుగానే వచ్చేసింది.

బీపీ ఉంది, ఎండలో నడవకు, వారానికి రెండు రోజులు వచ్చినా చాలు అని ఎన్నిసార్లు చెప్పానో. గోడకి చెప్పుకున్నట్టే.

ఆవిడతో పనిచేయడం అంటే రోజుకో తలనొప్పి. రేగుపళ్ళ సంగతే తీసుకోండి.

సరస్వతి పూజ అయ్యేదాకా రేగుపళ్ళు ముట్టకూడదని ఇక్కడ బెంగాలీ వాళ్ళ పట్టింపు. తింటే పరీక్ష పోతుందట. మనకేమో ఆ పూజకి ముందే భోగి వస్తుంది, పిల్లల నెత్తిన పోసేవే రేగుపళ్ళు.

ఒక ఏడాది టెన్త్ చదివే పిల్ల ఒకతె చెల్లెలికి పోసిన భోగిపళ్ళు ఏరుకుని తినేసింది. తర్వాత భయం పట్టుకుంది. ఇక మాధ్యమిక్, అంటే ఇక్కడి టెన్త్ బోర్డు పరీక్ష, ఫెయిలే అని క్లాసులో ఒకటే ఏడుపు.

అక్క ఖరిదా బజారు నుంచి రేగుపళ్ళ పొట్లం తెప్పించింది. పిల్లలందరి ముందూ కూర్చుని ఒక్కొక్కటే తింది.

"అమ్మోరికి కోపమొస్తే నామీదొస్తాది. మీరు సదవండి" అంది.

ఆ పిల్ల పాసైంది. మా బెంగాలీ క్లర్క్ దాదా మాత్రం పూజ వెళ్ళాక కూడా చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. ఇద్దరి మధ్యా నలిగింది నేను.

అన్నిటికన్నా పెద్ద గొడవ సంతాప సెలవు.

మా స్కూలు పద్ధతి ఏంటంటే, స్కూలుకి సంబంధించిన వాళ్ళు ఎవరు పోయినా ప్రేయర్‌లో ఒక నిమిషం మౌనం, వెంటనే లాంగ్ బెల్, ఇంటికి. ఆ నిమిషంలో పిల్లల మొహాలు చూడాలి. నవ్వు ఆపుకోలేక చస్తుంటారు.

స్కూలు కమిటీ పాత సెక్రటరీ గారు పోయినప్పుడు అక్క గేటుకి అడ్డంగా నిలబడి టెన్త్ పిల్లల్ని వెనక్కి తోలుకొచ్చింది. పోయినవాళ్ళంటే గౌరవం లేదా అని గార్డియన్లు నా రూములోకి వచ్చి కూర్చున్నారు.

"పిల్లలు సదువుకోవాలనే గదా ఆయన ఆఫీసుల సుట్టూ తిరిగినాడు. ఆయన పోయినాడని సదువు ఆపేస్తే అదేటి గౌరవం?" అంది వాళ్ళతో.

వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగింది.

"నాను పోయిన్నాడు గానీ సెలవిచ్చినావంటే ఊరుకోనొలే, సుజాతా."

అనేసి వెళ్ళిపోవడం సులువు. పడేది ఎవరు?

నిన్న సాయంత్రం నుంచి నా ఫోన్ ఆగలేదు. మేడమ్, రేపు ఛుట్టీయే కదా. స్టాఫ్ గ్రూపులో అదే, గార్డియన్ల గ్రూపులో అదే.

పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఫ్లెక్సీ మేం చేయిస్తాం, మైకు పెట్టి సంతాప సభ చేద్దాం అన్నారు. తెలుగు టీచర్ని వేయించడానికి నాతో విద్యాశాఖ ఆఫీసుకి రండి బాబూ అంటే ఒక్కరికీ తీరిక దొరకని పెద్దమనుషులు.

సెలవు లేదు అని రాశాను. అంతే, నాది రాతిగుండె అయిపోయింది.

ఈ ఉదయం మౌనం అయ్యాక పిల్లల్ని క్లాసులకి పంపాను. చిన్నవాళ్ళు నమ్మలేనట్టు చూశారు.

అక్క కొడుకు విశాఖ నుంచి రావాలి కాబట్టి మధ్యాహ్నం తీసుకెళ్తామన్నారు. టెన్త్ పిల్లలు నా రూముకి వచ్చి, మేం కూడా శ్మశానం దాకా వెళ్తాం మేడమ్ అన్నారు. వద్దన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకే బాగుండేది.

సరిగ్గా తెలుగు పీరియడ్‌లో బండి వచ్చి గేటు ముందు ఆగింది. ట్రాఫిక్ అనే పేటలో ఉన్న అక్క ఇంటి నుంచి స్కూలు మీదుగా పోనివ్వమని తమ్ముడే చెప్పాడట.

పిల్లల్ని తీసుకుని కిందికి వెళ్ళాను. ఒక్కొక్కరూ అక్క కాళ్ళకి దణ్ణం పెట్టారు.

బండి కదిలింది. ఇక ఇళ్ళకి వెళ్ళిపోండర్రా అనబోయాను. నిజంగా అనబోయాను.

ఈలోపే వాళ్ళు మెట్లెక్కి క్లాసులోకి వెళ్ళిపోయారు. తెలుగు పుస్తకాలు తీసి కూర్చున్నారు.

నేను బోర్డు ముందు నిలబడ్డాను. పాఠం పేరు చదివాను. రెండో లైన్ దగ్గర పుస్తకం మూసేశాను. ముందు బెంచీ వాళ్ళు ఏడ్చారు. తర్వాత అందరం ఏడ్చాం. బెల్ కొట్టేదాకా అంతే.

కాబట్టి విను అక్కా. సెలవివ్వలేదు. చదువూ సాగలేదు. తిట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం.

మాధ్యమిక్ దగ్గరికొస్తోంది. రేపటి రొటీన్‌లో నీ పీరియడ్‌కి ఎవరో ఒకరి పేరు రాయాలి. ఎంత వెతికినా మనిషి లేడు. నా పేరే రాసుకున్నాను. ఛందస్సు నాకేం వచ్చని చెప్పను? ఎవర్ని అడగను? ఎప్పుడు ఏ డౌటొచ్చినా నిన్నే కదా అడిగేది.

నీ మీద కోపం తగ్గడం లేదక్కా. తగ్గితే ఏడుపొస్తోంది.

వెళ్ళిరా, రమణక్కా. అక్కడైనా ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ప్రశాంతంగా ఉండు.