సూర్యారావు మాస్టారి హెవీ వెయిట్

మొన్న వాన వెలిసిన సాయంత్రం ధవళేశ్వరం కాలువ గట్టు మీద నడుస్తుంటే కొబ్బరి పీచు లోడుతో లారీ ఒకటి నన్ను దాటి వెళ్లింది. తడిసిన పీచుకు ఒక వాసన ఉంటుంది. కొంచెం మట్టి, కొంచెం పులుపు, అడుగున ఎక్కడో కొబ్బరి తీపి. చాలామందికి అది కోనసీమ వాసన. నాకు మాత్రం బాక్సింగ్ వాసన. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లు కూడా నవ్వుతారు. కానీ నాకు తెలిసిన ఒకే ఒక్క బాక్సింగ్ మాస్టారు గుద్దే సంచులను కొబ్బరి పీచుతోనే కూరేవారు. అడుగున కాస్త గోదావరి ఇసుక, పైన పీచు, చుట్టూ రెండు వరసల గోనెపట్టా. వానాకాలంలో తేమ పట్టి సంచి రాయిలా బిగిసిపోయేది. అప్పుడు ఆయనే కుట్లు విప్పి, పీచును గట్టు మీద ఆరబోసి, గూళ్ల కోసం దాన్ని ఎత్తుకుపోయే కాకుల్ని తోలుకుంటూ కూర్చునేవారు.

ఆయన పేరు సూర్యారావు. మిలిటరీలో చేసి వచ్చారు. అక్కడి పోటీల్లో బాగా తక్కువ బరువు వాళ్ల విభాగంలో ఆడేవారట. మనిషి ఐదడుగులు ఉంటే ఎక్కువ. అలాంటి మనిషికి లోకంలో ఉన్న ఇష్టమంతా హెవీ వెయిట్ ఛాంపియన్ల మీద. ధవళేశ్వరంలో పాత గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని, తాటి దూలానికి సంచులు వేలాడదీసి, సాయంత్రాలు కుర్రాళ్లకు నేర్పేవారు. గోడల నిండా అమెరికా ఛాంపియన్ల ఫోటోలు. వాళ్ల గురించి దగ్గర బంధువుల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఒకాయన కోపిష్టి, ఒకాయన తల్లి చాటు బిడ్డ, ఒకాయనకు డబ్బు నిలవదు.

ఆ ఫోటోలు చాలామటుకు మా ఆఫీసువే. నేనప్పుడు రాజమండ్రిలో ఒక దినపత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ణి. ఆ రోజుల్లో హెవీ వెయిట్ టైటిల్ పోటీ అంటే, జన్మలో గ్లోవు ముఖం చూడని వాళ్లు కూడా కాఫీ హోటల్లో బల్లలు గుద్ది వాదించుకునేవారు. క్రికెట్ పక్కన దానికి ధీమాగా చోటుండేది. ఫలితం అచ్చయిన రోజున మాస్టారు సైకిలు మీద వచ్చి, మేము వాడేసిన ఫోటోలు అడిగి తీసుకునేవారు. తీసుకునే ముందు వార్తకు వంక పెట్టేవారు. ఎవరు ఎన్ని గుద్దులు గుద్దారో రాశారు గానీ కాళ్ల సంగతి రాయలేదేంటండి అనేవారు. అది న్యూస్ ఏజెన్సీ పంపిన వార్తండీ, మా చేతిలో లేదండీ అని నేను సర్దబోతే వినేవారు కాదు. మనిషి అలిసిపోయిన సంగతి చేతులు దాచిపెడతాయి, కాళ్లు దాచలేవు, చూసేవాడు అక్కడ చూడాలి అనేవారు. ఆయన గురించి ఒక చిన్న వ్యాసం రాద్దామని మొదటిసారి ఆ గోడౌనుకు వెళ్లాను. వ్యాసం అచ్చయిపోయింది, నేను వెళ్లడం మాత్రం ఆగలేదు.

అక్కడే నూకరాజును చూశాను. ఏటిగట్టు కింద చేపలు పట్టేవాళ్ల పేట వాళ్లది. తండ్రి లేడు. తల్లి సత్తెమ్మ రాజమండ్రి బజారులో చేపలమ్మేది. వలలు లాగి లాగి వాడి భుజాలు దూలాల్లా ఉండేవి గానీ, కాళ్లు మాత్రం నీళ్ల మీద నడిచేవాడిలా తేలిక. జిల్లా పోటీల్లో హెవీ వెయిట్‌కు ఒక మెట్టు కింద ఉండే లైట్ హెవీ విభాగంలో గెలిచాడు. విశాఖలో రాష్ట్ర పోటీలు గెలిస్తే జాతీయ పోటీలకు వెళ్లొచ్చు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చే దారి తెరుచుకుంటుంది. సత్తెమ్మ నెత్తి మీంచి చేపల తట్ట దిగాలంటే ఉన్న దారి అదొక్కటే. ఆ సంగతి పేటలో అందరికీ తెలుసు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. పేపర్లో వాళ్లు చదివిన ఛాంపియన్లందరూ హెవీ వెయిట్లే. లైట్ హెవీ అనే మాట పేటలో ఎవరికీ మింగుడుపడలేదు.

"లైట్ ఏంటండీ మాస్టారూ, నీళ్ల మజ్జిగలాగా?" అని ఒక పెద్దాయన నా ముందే అడిగాడు. "ఎలాగూ కొడుతున్నాడు కదా, ఆ పెద్దదే కొట్టించండి."

ఇంకో నాలుగైదు కిలోలు పెరిగితే కుర్రాడు హెవీ వెయిట్ అవుతాడని తెలిశాక, ఆ పని మా మీద వదిలెయ్యండి అన్నట్టుగా ఊరు ఊరంతా దిగింది. మా వైపు అభిమానమంటే పెట్టడమే. చేపల పులుసు, వేడన్నంలో నెయ్యి, ఉదయం గుడ్లు, మధ్యాహ్నం గడ్డ పెరుగు. మెరక మీది రైతుల ఇళ్ల నుంచి పాల క్యాన్లు వచ్చేవి. ఆత్రేయపురంలో చుట్టాలున్నవాళ్లు పూతరేకులు తెప్పించేవారు. వాడు ఒక ఇంట్లో తిని లేస్తే పక్కింటావిడ, మా ఇంట్లో పట్టదా బాబూ అని నిలదీసేది. కాదనడం వాడికి చేతకాదు. కాదంటే అక్కడ అది అవమానం. ఇక లాభం లేదని మాస్టారు చేతులు జోడించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, పెట్టకండమ్మా, వాడి కాళ్లు బరువెక్కిపోతున్నాయమ్మా అని బతిమాలారు. మీరూ చిక్కిపోయారండీ అంటూ వాళ్లు ఆయనకూ పీట వేశారు. మూడిళ్లలో తిని, నీరసంగా వెనక్కి వచ్చారు.

బరువు తూచింది చేపల కాటా మీద. ఆ ఉదయం నేనూ ఉన్నాను. నూకరాజు తడి పలక మీదకు ఎక్కి నిలబడ్డాడు. ముల్లు ఊగి ఊగి, హెవీ వెయిట్ గీత దాటి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మాస్టారి ముఖం చూశాను. తిడతారనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. పుట్టినప్పటి నుంచీ ఎదురుచూసిన చుట్టం గుమ్మంలో నిలబడితే మనిషి ఎలా చూస్తాడో అలా ముల్లును చూస్తూ ఉండిపోయారు. పోటీలకు ఇంకా వ్యవధి ఉంది. పరుగెత్తించి దించుదామంటే దించొచ్చు. దించలేదు. పేరు హెవీ వెయిట్‌లోనే ఇచ్చారు.

విశాఖకు నేనూ వెళ్లాను. అక్కడ వాడి ఎదుటివాడు పుట్టుకతోనే భారీ మనిషి. మనవాడి వొంటి మీద ఉన్నది పేట వాళ్లు పెట్టిన బరువు, అతని వొంటి మీద ఉన్నది అతని సొంత బరువు. అయినా మొదటి రెండు రౌండ్లూ నూకరాజువే. చెయ్యి అంత వేగం. రెండో రౌండు చివర చెవి పక్కన ఒక దెబ్బ తగిలింది. పెద్ద దెబ్బలా అనిపించలేదు. మూడో రౌండులో వాడు పాయింట్లలో ముందున్నాడు, మా వెనకాల పేట నుంచి వచ్చినవాళ్లు ఈలలు వేస్తున్నారు. అప్పుడు మాస్టారు వంగి, రింగు అంచు మీద గడ్డం ఆనించినట్టుగా పెట్టి, వాడి పాదాలు చూడటం మొదలుపెట్టారు. నేనూ చూశాను. ఎడమ పాదం నేలను విడవడం లేదు. ఈడుస్తున్నాడు. చేతులు మాత్రం ఇంకా చకచకా ఆడుతున్నాయి.

మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి లోపలికి విసిరేశారు.

తువ్వాలు పడిందంటే ఓటమి ఒప్పుకున్నట్టే. ఈలలు ఆగిపోయాయి. రిఫరీ ఎదుటివాడి చెయ్యి పైకెత్తాడు. నూకరాజు మూలకు వచ్చి, ఏడుస్తూ, నేను బాగానే ఉన్నాను మాస్టారూ, ఇంకొక్క నిమిషం ఉంటే అయిపోయేది కదండీ అన్నాడు.

"నీకు బాగానే ఉంటుందిరా," అన్నారాయన గ్లోవు ముడి విప్పుతూ. "అదే నా భయం."

అక్కడి డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూసి ఫరవాలేదన్నారు. మధ్యాహ్నం రైలెక్కాం. పేట వాళ్లు మాతో మాట్లాడలేదు. పక్క పెట్టెలో కూర్చుని, మాస్టారు అవతలివాళ్ల దగ్గర డబ్బు తిన్నారని మాకు వినబడేటట్టే అనుకున్నారు. తుని దాటుతుండగా నూకరాజు, మనం ఎక్కడికి వెళ్తున్నాం మాస్టారూ అని అడిగాడు. ఇంటికిరా అన్నారు. కిటికీలోంచి కాసేపు చూసి, మళ్లీ అదే అడిగాడు. ఇంటికిరా అన్నారు, మొదటిసారి అడిగినప్పటి గొంతుతోనే. అన్నవరం దగ్గర వాంతి చేసుకుని, నోరు తుడిపించుకుని, మూడోసారి అడిగాడు. ఆయన గొంతు మారలేదు గానీ, వచ్చే స్టేషను ఏదని నన్ను అడిగారు. సామర్లకోటలో దించి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలలో రక్తం చిమ్మిందన్నారు. కోత అవసరం లేకుండా మందులతో తగ్గొచ్చు గానీ, ఇంకో రెండు దెబ్బలు పడి ఉంటే నాకు పని ఉండేది కాదు అన్నారు అక్కడి డాక్టరు.

వరండాలో మాస్టారు నాతో, కాటా ముల్లు చూసినప్పుడే ఆపాల్సిందండీ అన్నారు. గోడౌనులో నేనిచ్చిన ఫోటో ఒకటి ఉంది. ఎప్పటి ఛాంపియనో, ముసలివాడై, తలకు తిన్న దెబ్బలతో చేతులు పట్టు తప్పి, టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూడా ఒలకబోసుకుంటున్న ఫోటో. అందరూ గెలిచిన ఫోటోలు చూస్తారు, నేను రోజూ దాన్నే చూసేవాణ్ణి, చూస్తూనే ఆశపడ్డాను అన్నారు. ఆయన కళ్లు తుడుచుకోలేదు. కారనిచ్చారు.

పేట వాళ్లు కబురు చెప్పగానే బయల్దేరి, రాత్రికి సత్తెమ్మ వచ్చింది. నోరున్న మనిషి, బజారులో ఆమెతో బేరమాడటానికి జనం జంకేవారు. కొడుకును చూసి బయటికి వచ్చి, మాస్టారి ఎదురుగా నిలబడింది.

"మీరేనంటగా ఆపింది?"

"నేనేనమ్మా."

"గెలుస్తుండగా ఆపారంట."

"అవునమ్మా."

ఆమె నేల మీద చతికిలబడి, తెచ్చిన క్యారియరు విప్పింది. "వాడికేం పెట్టొద్దన్నారు డాక్టరు గారు," అంది. "మీరు తినండి. పొద్దుట్నుంచి తినుండరు." ఆయన తిన్నారు. ఆమె మళ్లీ వడ్డించింది. మళ్లీ తిన్నారు.

నూకరాజు కోలుకున్నాడు. మళ్లీ రింగులో దిగలేదు, ఉద్యోగమూ రాలేదు. చేపలకు ఐసు సరఫరా చేసే పనిలోకి వెళ్లి నిలదొక్కుకున్నాడు. సత్తెమ్మ తట్ట దిగడానికి చాలా ఏళ్లు పట్టింది. పేటలో కొందరు చివరిదాకా మాస్టారిని నమ్మలేదు. ఆయన కాకినాడ డాక్టరు మాటను ఎవరికీ చెప్పుకోలేదు, నన్నూ రాయనివ్వలేదు.

ఈలోగా ఆట కూడా మారిపోయింది. హెవీ వెయిట్ వార్త మా పేజీలో పెద్ద ఫోటో నుంచి చిన్న ఫోటోకు, అక్కడి నుంచి అడుగున నాలుగు లైన్లకు దిగింది. ఇప్పుడు ఛాంపియన్ ఎవరని కాఫీ హోటల్లో అడిగితే ఫోనులో వెతికి చెబుతారు, అదీ ఇద్దరు ముగ్గురి పేర్లు. సంఘానికొక బెల్టు, బెల్టుకొక ఛాంపియన్. దాంతో బాక్సింగ్ చచ్చిపోయిందనుకున్నాను. కానీ మన దేశపు ఆడపిల్లలు పతకాలు తెచ్చాక, మాస్టారి గోడౌనుకు అమ్మాయిలు రావడం మొదలైంది. సన్నగా, చిన్నగా, జడలు బిగించి కట్టుకుని. సాయంత్రాలు నూకరాజే వచ్చి వాళ్లకు నేర్పేవాడు. చివరి రోజుల్లో మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని వాళ్ల పాదాలు చూస్తూ కూర్చునేవారు. జీవితమంతా పెద్దవాళ్ల కోసం ఎదురుచూశాను గానీ నా అంత వాళ్లే వచ్చారండీ అని ఒకసారి నవ్వారు. ఆ చలికాలంలోనే పోయారు.

ఆయన పోయిన కొన్నేళ్లకు, నేను మా పత్రిక బ్యూరో చూస్తున్నప్పుడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. దారి తెగిపోయిన లంకకు పడవ మీద వెళ్లి ఫోటోలు తెస్తానని మా కుర్ర రిపోర్టరు పట్టుబట్టాడు. చురుకైనవాడు. వెళ్తే మొదటి పేజీ వాడిదే. పడవవాడు అవుననీ కాదనీ అనకుండా నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వద్దన్నాను. మర్నాడు ఆ లంక ఫోటో మరో పత్రికలో మొదటి పేజీ నిండా వచ్చింది. తీసినవాళ్లు క్షేమంగానే తిరిగొచ్చారు. హైదరాబాదు ఆఫీసు నుంచి నాకు చీవాట్లు పడ్డాయి. ఆ కుర్రాడు చాలాకాలం నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మాస్టారి మాట నిజమని చెప్పడానికి ఒక డాక్టరు ఉన్నారు. నా మాట నిజమని చెప్పడానికి ఎవరూ రాలేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు వేరే పత్రికలో పెద్ద హోదాలో ఉన్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఆ రోజు మీరు వదిలి ఉంటే నా దశ తిరిగేది సార్ అని ఇప్పటికీ దెప్పుతాడు. నిజమేనోయ్ అంటాను. అని, పిల్లలు ఎలా ఉన్నారని అడుగుతాను.