అక్క వంతు

కరోనా కాస్త నెమ్మదించినా, బస్సులో ఇంకా సీటు విడిచి సీటు కూర్చుంటున్న రోజులవి. ఐర్లండులో నేవన్ నుంచి డబ్లిన్ వెళ్తున్నాను. మనలా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళకి అక్కడి లైబ్రరీలో కవిత్వం నేర్పుతారంటే మా అమ్మాయి నా పేరు రాయించింది. ఎవరి భాషలో వాళ్ళు కవిత ఒకటి రాసి తెమ్మన్నారు.

నేను చదివింది ఐదో తరగతి. ఆ ఏడే కరోనాతో పోయిన మా అక్క మీద పాట కట్టాను గాని, లైను ఎక్కడ ఆపాలో తెలియక ఉత్తరంలా కాగితం నిండా రాసేశాను. దారిలో చూసుకుంటే సిగ్గేసింది. దిగి వెనక్కి పోదామని గంట నొక్కి లేచాను.

పక్క వరసలో మాస్కు పెట్టుకున్న పిల్ల, చదువుకోడానికి వచ్చినట్టుంది, నా చేతిలో తెలుగు చూసి పలకరించింది.

"అప్పుడే దిగుతున్నరా ఆంటీ? డబ్లిన్ ఇంకా రాలె."

సంగతి చెప్పాను.

"ఏదీ, పాడుండ్రి."

"బస్సులోనా?"

"మాస్కులున్నయి గదా, ఎవరు పాడుతున్నరో ఎవరికెరుక?"

నవ్వొచ్చి కూర్చున్నాను. తొడ మీద తాళంగా చెయ్యి వేస్తూ మెల్లిగా పాడాను.

"చెయ్యి వేసినంక కొంచెం ఆగుతున్నరు, ఎందుకు?"

"ఒకే రోట్లో ఇద్దరం కారం దంచేవాళ్ళం. అది అక్క రోకలి పడే వంతమ్మా."

మళ్ళీ పాడించుకుని తన నోట్‌బుక్కులో రాసింది. కాగితం చించి, చేతికివ్వకుండా మధ్యలో ఖాళీ సీటు మీద పెట్టింది. నా చెయ్యి పడ్డ చోటల్లా లైను ఆపింది. ప్రతి లైను కిందా ఒక లైను ఖాళీగా వదిలింది.

ఆ పిల్ల ముఖం నేను చూడనేలేదు. ఇప్పటికీ ఏం రాసినా అక్క వంతు వదిలే రాస్తాను.