పూజలో పెట్టిన లాప్‌టాప్

నా ఖాకీ ఏప్రన్ ఏనాడూ మా డాబా మీద ఆరలేదు. అమ్మ దాన్ని ఉతికి వంటింటి వెనక వరండాలో, గ్యాస్ బండ పక్కన కట్టిన తాడు మీద వేసేది. డాబా మీద చీరలూ దుప్పట్లూ నాన్నగారి పంచెలూ హాయిగా గాలికి ఊగుతుంటే, నా ఏప్రన్ మాత్రం ఎండ తగలక చెమ్మ వాసన కొట్టేది. పక్కింటివాళ్లు చూస్తే "ఖాకీ ఎవరిదమ్మా మీ ఇంట్లో?" అని అడుగుతారని అమ్మ భయం. అడిగితే చెప్పాలి. చెబితే నేను చదివేది మెకానికల్ అని తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ మొత్తానికి తెలిసిపోతుంది.

ఆ మార్కెట్లోనే మా కొట్టు. తాతగారు పెట్టారు, నాన్నగారు నడుపుతున్నారు. నాన్నగారు గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. బస్తాలు మోసేవాళ్లతో కూడా "ఏవండీ, ఇది కాస్త ఇటు జరుపుతారా" అంటారు. అంత మెత్తని మనిషి జీవితంలో ఆడిన ఒకే ఒక్క పెద్ద అబద్ధం నా బ్రాంచి గురించి. అదైనా పాపం కావాలని ఆడింది కాదు. నాకింకా సీటే రాలేదు, ఇంటర్ మార్కులు చూసుకుని మురిసిపోయి, "మా అమ్మాయికి కంప్యూటర్సండీ" అంటూ కొట్టు కొట్టుకీ తిరిగి కాజాలు పంచేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! తీరా కౌన్సెలింగ్‌లో ఏలూరు దగ్గర ఒక కాలేజీలో మెకానికల్ వచ్చింది.

"స్లైడింగ్‌లో మారిపోతుందిలే తల్లీ. అందాకా ఎవరితోనూ అనకు," అన్నారు నాన్నగారు.

స్లైడింగ్ అంటే, వేరే బ్రాంచిలో ఖాళీలు మిగిలితే అందులోకి మార్చడం. ఖాళీలు మిగల్లేదు. నేను మారలేదు. మేం ఎవరికీ చెప్పనూ లేదు.

మొదట్లో నాకూ అది బాగానే ఉంది, దాపరికం ఎందుకు? "కంప్యూటర్సా! ఇంకేం, లక్షణంగా కూర్చుని చేసే ఉద్యోగం" అని మార్కెట్లో పెద్దవాళ్లు మెచ్చుకుంటుంటే తల వంచుకుని నవ్వేదాన్ని. మెకానికల్ అంటే వాళ్ల దృష్టిలో లారీ కింద పడుకునే పని. ఆడపిల్ల, అందులోనూ కోమటింటి ఆడపిల్ల, లారీ కింద పడుకోవడమా! శివ శివా.

కానీ మొదటి ఏడు వర్క్‌షాప్‌లో ఒకటి జరిగింది. రెండు ఇనప ముక్కలిచ్చి, ఒకదానికి కొన, ఇంకోదానికి ఆ కొన పట్టేంత గాడి చేసి, రెండూ అతికినట్టు కూర్చమన్నారు. చేతిలో ఇనుము కోసే హ్యాక్సా, అరగదీసే ఆకురాయి. అంతే. రాసి రాసి నా అరచేతులు బొబ్బలెక్కాయి. మా సార్ ఆ ముక్కల్ని కిటికీ వైపు ఎత్తి చూసేవారు. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే "మళ్లీ రాయమ్మా" అని తిరిగి ఇచ్చేసేవారు. ఆ పూటంతా ఆ వెలుతురుతోనే నా పోట్లాట. చివరికి ఆయన ఎత్తి చూస్తే వెలుతురు లేదు. ఆయన మార్కులు వేసి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అప్పటిదాకా పుస్తకంలో ఉన్నది అప్పజెప్పడమే చదువనుకున్నాను. నా చేత్తో ఒకటి కుదరడం నాకదే మొదలు.

ఆ సాయంత్రం ఏలూరు రైల్లోంచి దిగి ఇంటికి పరుగెత్తుకొచ్చి అమ్మకు చెప్పబోతే, "నెమ్మదిగా చెప్పవే, ముందు గదిలో ఎవరో ఉన్నారు," అంది. నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. ఆ వారమే ఏలూరులో సొంతానికి ఒక ఆకురాయి కొనుక్కుని, పాత చున్నీలో చుట్టి బీరువాలో దాచుకున్నాను. దొంగసొత్తు కూడా అంత జాగ్రత్తగా దాచరు.

రెండో ఏడు వచ్చేసరికి క్లాసులో అందరిదీ ఒకటే పాట. "బ్రాంచి ఏదైతేనేం, చివరికందరం సాఫ్ట్‌వేరే" అనేవాళ్లు సీనియర్లు. మెకానికల్ పుస్తకాలు పరీక్షలకీ, కోడింగ్ ఉద్యోగానికీ. నేనూ నేర్చుకున్నాను. నచ్చలేదు, అంతే. మరి ఏం నచ్చింది అని అడిగితే చెప్పలేకపోయేదాన్ని, కాలేజీవాళ్లు మమ్మల్ని కొల్లేరు వైపు తీసుకెళ్లేదాకా.

మండవల్లి దగ్గర ఒక షెడ్డు. చేపల చెరువుల్లో తిరిగే ఏరేటర్లు అక్కడ తయారుచేస్తారు. నీళ్ల మీద తేలే రెక్కల చక్రం అది. మోటారు తిప్పుతుంటే నీటిని చిలికి గాలి కలుపుతుంది. అది ఆగిపోతే తెల్లవారేసరికి చేపలు ఊపిరాడక నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. గేర్లూ షాఫ్టులూ బేరింగులూ, నేను పుస్తకంలో బట్టీపట్టినవన్నీ అక్కడ గ్రీజు పూసుకుని కూర్చున్నాయి. ఎదురుగా చెరువు, చెరువులో ప్రాణం. నాకిదే కావాలి అనిపించింది, అలా ఇలా కాదు, ఆకలేసినట్టు అనిపించింది. నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబులిచ్చి, ఆ షెడ్డు యజమాని, "ఆసక్తి ఉంటే సెమిస్టర్ సెలవుల్లో వచ్చి పని నేర్చుకోండమ్మా. ముందోసారి పెద్దవాళ్లని తీసుకురండి, మాట్లాడదాం," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. నాన్నగారు మజ్జిగన్నం కలుపుతూ ఆగిపోయారు.

"మండవల్లి వాళ్లు మన కొట్టుకి సరుక్కి వస్తారు తల్లీ. నిన్ను అక్కడ చూస్తే ఇక్కడ చెప్పరూ? ఇన్నాళ్లూ కంప్యూటర్సని చెప్పి, ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని మార్కెట్లో కూర్చోను?"

"అయితే ఎన్నాళ్లు దాస్తారు నాన్నగారూ?"

"వద్దమ్మా," అన్నారు. అంత మెత్తగా చెప్పిన 'వద్దు' మీద పోట్లాడటం ఎలాగో నాకు తెలియలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మా కొట్లో కాటా, తూకం రాళ్లు, బస్తాలు లాగే కొక్కేలు అన్నీ కడిగి, పసుపు రాసి బొట్లు పెడతాం. చుట్టుపక్కల కొట్లవాళ్లంతా వస్తారు. నేను ధైర్యం చేసి చున్నీ విప్పి నా ఆకురాయి నాన్నగారికి చూపించి, "ఇదీ పెడదామండి," అన్నాను.

"అమ్మో, నలుగురూ వస్తారు. లోపల పెట్టెయ్యి," అన్నారు. ఆ తర్వాత ఏం తోచిందో ఏమో, పక్క పప్పుల కొట్టు బాబాయిగారి దగ్గరికి వెళ్లి, సాఫ్ట్‌వేర్ చేసే వాళ్లబ్బాయి లాప్‌టాప్ అడిగి తీసుకొచ్చారు. కాటా పక్కన పీట వేసి, దాని మీద లాప్‌టాప్ బార్లా తెరిచిపెట్టి, మీటల మీద బంతిపూలు, అద్దం మీద పెద్ద కుంకుమబొట్టు. "మా అమ్మాయి ఆయుధం ఇదేనండి" అని వచ్చినవాళ్లకి చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా పట్టుపావడా సర్దుకుని ఆ పీట పక్కనే నిలబడ్డాను.

కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఆయుధాల మీద చిలకరించడం తాతగారి నాటి ఆనవాయితీ. ఎలక్ట్రానిక్ కాటాకి ప్లాస్టిక్ కవరు తొడగడం వరకు జ్ఞాపకం ఉంది నాన్నగారికి. లాప్‌టాప్ సంగతి ఎవరికీ తట్టలేదు. హారతి వెలుగుతోంది, గంట మోగుతోంది, నాన్నగారు భక్తిగా కళ్లు మూసుకుని చిప్పలో నీళ్లు చిలకరించుకుంటూ వచ్చారు. పీట కాలికి తగిలి, చిప్ప మొత్తం ఒలికిపోయింది.

"అయ్యయ్యో!" అన్నారు అందరూ.

బాబాయిగారు మాత్రం కంగారుపడలేదు. "ఏం పర్లేదండీ, అమ్మాయిది కంప్యూటర్సే కదా. చూడమ్మా నువ్వు," అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. నాన్నగారు కూడా. ఆయన చూపులో ఏముందో నాకు ఇప్పటికీ గుర్తే. ఎలాగోలా గట్టెక్కించు తల్లీ అన్న వేడుకోలు అది. తడి ఉన్నప్పుడు కరెంటు వస్తువు స్విచ్ ముట్టుకోకూడదని మొదటి ఏడు ల్యాబ్‌లో మొట్టమొదట చెప్పిన పాఠం. అది నాకు తెలుసు. మూసి, బోర్లించి, ఆరబెడితే బతికేదేమో. కానీ అందరూ చూస్తున్నారు కదా, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలి కదా. ఓణీ కొంగుతో పైపైన తుడిచి బటన్ నొక్కాను. ఒక్కసారి వెలిగింది. చిటపటమని, కమురు వాసన వచ్చి, నల్లబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"నాకు తెలీదండీ," అన్నాను. "నాది కంప్యూటర్స్ కాదు. మెకానికల్."

కొట్లో గంట మోగించే చేయి కూడా ఆగిపోయింది. నాన్నగారు ఖాళీ చిప్ప పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బాబాయిగారు లాప్‌టాప్ తీసుకుని, పూలు దులిపి, "సరేలెండి, పండగపూట ఎందుకు," అని వెళ్లిపోయారు. ఆయన ఒక్క మాట అనకపోవడమే మాకు పెద్ద శిక్ష అయింది. నాన్నగారు మర్నాడే దాన్ని బాగు చేయించే ఏర్పాటు చేశారు. మార్కెట్ మాత్రం ఊరుకోలేదు. "ఏవండీ, మా లారీ స్టార్టవ్వట్లేదు, అమ్మాయిని ఓసారి పంపుతారా?" అని నవ్వేవాళ్లు. నాన్నగారు తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కూర్చునేవారు. ఇంట్లో నాతో మాట్లాడటం మానేశారు. నేను ఆయన మొహం చూడలేక ఆయన అన్నం తినేశాక తినేదాన్ని.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక సాయంత్రం చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఆ మండవల్లి అన్నావు కదా. ఎప్పుడు వెళ్దాం?"

"నిజంగానా నాన్నగారూ?" అన్నాను.

"దాచడానికి ఇంకేం మిగిలిందమ్మా," అన్నారు.

ఆదివారం బయల్దేరాం. సంచిలో ఏప్రన్ పెట్టుకుంటూ చున్నీ విప్పితే, ఆకురాయి పిడి మీద పసుపు, కుంకుమ బొట్టు. అమ్మ వైపు చూశాను. "నేను కాదే. పొద్దున్నే మీ నాన్నగారే పూజ గదిలో పెట్టారు," అంది.

షెడ్డులో ఆ యజమాని కుర్చీలు వేయించారు. నాన్నగారు కూర్చోలేదు. పనివాళ్లంతా చూస్తుండగా, కండువా సర్దుకుని, "మా అమ్మాయండి. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతోంది," అన్నారు. ఆయన గొంతు అంత పైకి లేవగా నేనదే వినడం. ఆ మాట ఆయన నోటి వెంట రావడం కూడా అదే మొదలు. యజమాని నా చేతికి ఒక షాఫ్టు ఇచ్చి, అంచు గరుగ్గా ఉంది, నున్నగా రాయమన్నారు. నా ఆకురాయితోనే రాశాను. నాన్నగారు పక్కన నిలబడి ఇనప రజను రాలడం అలా చూస్తూనే ఉన్నారు. సెలవుల్లో రావడానికి మాట కుదిరిపోయింది.

తిరుగు ప్రయాణంలో కైకలూరులో ఏలూరు బస్సెక్కాం. కిటికీ పక్కన ఎవరో పెద్దావిడ, మధ్యలో నేను, చివర నాన్నగారు. నా సంచి ఆయన ఒళ్లో ఉంది. కొల్లేరు దాటుతుండగా ఆవిడ కబుర్లు మొదలుపెట్టింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"ఇంజినీరింగ్ అండి."

"మా పెద్దమ్మాయీ ఇంజినీరింగే, కంప్యూటర్స్. పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చేసింది. నీదే బ్రాంచి?"

ఆవిడ చూపు నా గోళ్ల మీద పడింది. గోళ్లనిండా గ్రీజు, అరచేతిలో నల్లటి చార. ఆవిడెవరో నాకు తెలియదు. ఏలూరులో దిగిపోతే మళ్లీ జన్మలో కనపడదు. మార్కెట్ కాదు, చుట్టాలు కాదు, దాచమని నన్నెవరూ బతిమాలలేదు.

"కంప్యూటర్స్ అండి," అన్నాను.

అన్న తర్వాత గానీ నా మాట నాకు వినపడలేదు. ఛీ, నా నోరు పడిపోనూ! పక్కకి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఇన్నాళ్లూ ఆయన సిగ్గుపడుతున్నారని ఆయన మీద మండిపడ్డాను. ఆ సిగ్గు నాదే.

ఆవిడ ఊరుకోలేదు. "మరి చేతులకి ఆ నలుపేంటమ్మా?"

నేను గుప్పిళ్లు మూసుకున్నాను. అప్పుడు నాన్నగారు కాస్త ముందుకు వంగారు.

"బస్సెక్కేటప్పుడు తలుపు దగ్గర గ్రీజు అంటుకుందండీ," అన్నారు, ఎప్పట్లాగే మెత్తగా. "మా అమ్మాయిది కంప్యూటర్సేనండి."

ఆవిడ తల ఊపి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏలూరు వచ్చేదాకా నాన్నగారు ఆకురాయి ఉన్న ఆ సంచిని ఒళ్లోంచి కింద పెట్టలేదు.