కొట్టేసిన కుడిచేతి అంకెలు

మా ఇంట్లో ఈ కథ ఇప్పటికే తప్పుగా చెలామణీ అవుతోంది. నా లైబ్రరీ చదువు వల్లే అక్క బతికిందని మేనకోడలు చుట్టాలందరికీ చెబుతోంది. అది నిజమో కాదో నాకే తెలియదు. తెలియదన్న సంగతైనా ఒకచోట రాసి ఉండాలని ఇది రాస్తున్నాను.

అక్క ఉత్తరాదిన బేర్ సరాయ్ అనే పేటలో విద్యార్థులకు మెస్ నడుపుతుంది. గుండెకు బైపాస్ చేయాలన్నారు. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీలోనే. వారం రోజులు అక్కడే కూర్చున్నాను. రొమ్ము ఎముక వెనక, అటూ ఇటూ ఒక్కో ధమని కిందికి దిగుతుంది. ఎడమదాని కింది కొసను విడదీసి గుండె మీది రక్తనాళానికి కుడతారు. కాలి నుంచి తీసే నాళం కంటే అది ఎక్కువకాలం నిలుస్తుంది. ఇదంతా అక్కకు బొమ్మ గీసి చెప్పాను.

“ఒరేయ్, రేపు డాక్టరుకి కత్తి పట్టుకోవడం కూడా నువ్వే నేర్పేలా ఉన్నావు,” అంది.

రోజూ ఆమె బీపీ చూసి నోట్‌బుక్‌లో రాసిందీ నేనే. ఎడమచేతికి నూట ఇరవై ఎనిమిది, కుడిచేతికి నూట అరవై. పొద్దున్నే డెబ్భై మందికి చపాతీ పిండి పిసికే చెయ్యి కదా, ఆ శ్రమకి పెరిగిందనుకుని కుడిచేతి అంకెలు కొట్టేశాను. ఎడమచేత్తో గిన్నె ఎత్తితే లాగేస్తోందని ఆమె అంటే, గుండెనొప్పి అటే పాకుతుందని పుస్తకంలో ఉందన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నోట్‌బుక్ తిరగేస్తూ ఆగింది. “యే క్యోఁ కాటా, అంకుల్?” ఇవెందుకు కొట్టేశారని.

పిండి సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. రెండు చేతులకూ తనే బీపీ చూసి, స్కానింగ్‌కు పంపింది. ఎడమచేతికి వెళ్ళే పెద్ద నాళం మొదట్లోనే సన్నబడిపోయిందట. అందుకే ఆ చేతికి బీపీ తక్కువ చూపింది, నేను కొట్టేసిన కుడిచేతి అంకెలే అసలువి. ఆ ఛాతీ ధమని పుట్టేది దాని నుంచే.

“పైన కుళాయి సగం కట్టేసి ఉంటే కింద పైపు ఎంత బాగుండి ఏం లాభం, అంకుల్?” అని హిందీలో చెప్పింది. అలాగే కుట్టేస్తే, అక్క ఆ చేత్తో పని చేసినప్పుడల్లా గుండెకు పోవలసిన రక్తం చేతివైపు మళ్ళిపోవచ్చట.

ముందు అక్కడ స్టెంట్ వేశారు. బైపాస్ తర్వాత చేశారు, అదే ధమనితో. అక్క లేచి కూర్చుంది.

“మామా, ఆప్‌నే లిఖా తో థా న!” అంటుంది మేనకోడలు. రాశాను, నిజమే. కొట్టేసిందీ నేనే. పుస్తకాల్లో ఆ ధమని ఎక్కడికి పోతుందో చదివాను, ఎక్కడి నుంచి వస్తుందో చూడలేదు. మళ్ళీ వెళ్ళి చూస్తే అదే పేజీలో ఉంది. వారం రోజులు ఏం చదివానో!

పేర్లు రాస్తే వాళ్ళకు ఇష్టమో కాదో. అడిగిన పుస్తకమల్లా వెతికి ఇచ్చిన లైబ్రరీ ఆవిడకూ, అక్క ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వంతులేసుకుని మెస్సు నడిపిన పిల్లలకూ కృతజ్ఞతలు. నోట్‌బుక్‌లో ఆ పేజీ దగ్గర ఆగినందుకు డాక్టరమ్మకూ. అంకెలు చూసి ఆగిందా, నేను గీసిన గీత చూసి ఆగిందా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.