ఉప్పు దిగిన బెల్లం

నిన్న పొద్దున మా మనవరాలు ఇంటర్ పరీక్షకని రసాయన బంధాల పాఠం బిగ్గరగా చదువుతోంది. తిరుపతిలో మా కూతురింట్లో ఉన్నవి రెండే గదులు; ఒకరు చదివితే అందరూ చదివినట్టే. యాభై దాటాక ఈ పిల్ల పలక మీదే నేను అక్షరాలు దిద్దాను. ఆ ధైర్యంతో పుస్తకం లాక్కుని చూశాను గానీ ఆ చుక్కలూ గీతలూ కొరుకుడు పడలేదు. విడమర్చి చెప్పమన్నాను. ఉప్పులో ఒక పరమాణువు ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుందట, ఇంకొకటి పుచ్చుకుంటుందట. ఆ పట్టు ఎంత గట్టిదంటే మన పొయ్యి సెగకు ఉప్పు కరగనే కరగదు, సుత్తితో కొడితే మాత్రం పగులుతుంది. చక్కెర అణువులో ఇచ్చేయడాల్లేవు, పంచుకోవడమే. అణువుకూ అణువుకూ మధ్య పట్టు తక్కువ గనుక కాస్త సెగకే పాకమవుతుంది. రాగితీగలోనైతే ఎలక్ట్రాన్లు అందరి ఉమ్మడి సొత్తు, అందుకే వంచినా విరగదు. ఆ ఉమ్మడి కాపురం నాకు నచ్చింది. అంతలో ఆ పిల్ల, నీళ్లలో పడితే ఉప్పు విడిపోయి కలిసిపోతుందనీ, ఏ బట్టా దాన్ని వడగట్టలేదనీ చెప్పింది. వాకిట్లో కూర్చున్న మా ఆయన తలెత్తాడు. నాకు ఐరాల దగ్గర మా పాత చేలో బెల్లం వండిన పెద్ద పెనం కళ్లముందుకొచ్చింది.

మా కూతురు బడికి పోయే రోజులవి. బావి ఎండిపోతే లోతుగా బోరు వేయించాం. పడ్డవి ఉప్పునీళ్లు. మా ఆయన పంచెను నాలుగు మడతలు వేసి వడగట్టాడు, ఇసుకలోనూ బొగ్గులోనూ పోసి చూశాడు. నీళ్లు అద్దంలా వచ్చాయి, రుచి మారలేదు. వాటితోనే చెరకు పెంచాడు. పాకం చూడడంలో ఆయన చెయ్యి చుట్టుపక్కల పేరున్నది. ఎవరి పెనం పొంగినా ఆయన్నే పిలిచేవాళ్లు, దానికాయన పొగరూ అంతా ఇంతా కాదు. ఆ చెరకు రసం కాచిన రోజు, చల్లనీళ్లలో వేసిన పాకం చుక్క ఉండ కట్టకుండా వేళ్లకు జిగురులా అంటుకుంది. ఇంకా మంట పెట్టించాడు, గట్టిపడుతుందని సున్నం వేశాడు. రంగు నల్లబడిందే గానీ, తొట్టిలో పోసింది సాయంత్రానికీ బురదలాగే ఉంది.

"ఏమప్పా, చెయ్యి తప్పినట్టుండాదే?" అన్నాడు చూడవచ్చిన పక్కచేని ఆయన.

"తొందరపడి దించినానబ్బా," అన్నాడు మా ఆయన.

నేను వేలు ముంచి నాకి, "ఉప్పగా ఉండాది. తప్పు నీళ్లది" అన్నాను.

"నీళ్ల మీదికి నెడితే నవ్వుతారే. చెయ్యి నాదేగదా," అన్నాడు.

నాకు తెలిసింది ఉప్పగా ఉందన్నంత వరకే. ఎందుకు గట్టిపడలేదంటే నేనేం చెప్పగలను? మరుసటి ఏడు ఆయన చెరకు నాటలేదు. ఎవరు పిలిచినా పెనం దగ్గరికి పోలేదు. చూస్తూ ఉండడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నిన్న ఆ సంగతంతా మనవరాలికి చెప్పి, ఆయనే అడిగాడు. "ఇంకొంచేపు కాంచుంటే గట్టిపడుండునా పాపా?"

"చక్కెర అణువులు వరసగా కుదురుకుంటేనే గదా తాతా గడ్డయ్యేది. నడాన ఉప్పు దూరితే కుదురుకోనీదు, పైగా తేమ లాగుతుంది. ఎవురు కాంచినా అంతే."

"అయితే నా చెయ్యి తప్పలేదా?"

"లేదు తాతా."

"ఆ ఉప్పును తీసేదెట్లమ్మా?"

"నీళ్లను మరగబెట్టి ఆవిరి పట్టుకోవాల."

"చేనుకు పారే నీళ్లన్నీ యాడ మరగబెట్టేది!" అని నవ్వబోయి, నవ్వలేక అరచేతుల వైపు చూసుకున్నాడు.

చెయ్యి తప్పలేదన్న ఆ మాట ఆ రోజు తొట్టి దగ్గర ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పగల మనిషి అప్పటికింకా పుట్టలేదు. పుట్టి, చదివి, చెప్పేనాటికి ఆ చేతులు తెడ్డు పట్టలేనంతగా వణుకుతున్నాయి.